అమెరికాలో ఆఫ్టర్ స్కూల్: సీటు ఎవరికి, డబ్బు ఎవరిది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇవే ప్రశ్నలు, బడి అయ్యాక సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే ఆఫ్టర్ స్కూల్ గురించి. అడిగేది ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్లు, వేరే రాష్ట్రం నుంచి మారినవాళ్లు, ఇన్నాళ్లూ ఇంట్లో ఉండి ఈమధ్యే ఉద్యోగంలో చేరిన అమ్మలు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక అయిపోయి, అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మేముండేది కాలిఫోర్నియాలో కాబట్టి ఆ రాష్ట్రం సంగతులే ఎక్కువ ఉంటాయి. ఒక్కటి ముందే చెప్తాను: ఏ ప్రోగ్రామ్‌కి డబ్బు ఎక్కడ్నుంచి వస్తోందో తెలిస్తే, వాళ్ల రూల్స్ సగం వాటంతటవే అర్థమైపోతాయి.

స్కూలు రెండున్నరకే వదిలేస్తే ఆరింటిదాకా పిల్లల్ని ఎక్కడ ఉంచాలి?

మూడు దారులున్నాయి. ఒకటి, స్కూల్లోనే బెల్లు కొట్టాక జరిగే ప్రోగ్రామ్. రెండు, వైఎంసీఏ, బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్, సిటీ పార్కుల విభాగం లాంటివాళ్లు నడిపేది. మూడు, ప్రైవేటు సెంటర్లు. వీటిలో మనవాళ్లు నడిపేవీ చాలా ఉన్నాయి, వ్యాన్ స్కూలు గేటు దగ్గరికే వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతుంది.

కొత్తగా వచ్చినవాళ్లకి మొదట కనిపించేది మూడోదే. దాని ఫ్లయర్ ఇండియన్ స్టోర్లో బిల్లు కౌంటర్ పక్కనే అంటించి ఉంటుంది మరి. స్కూల్లో ఉన్నదాని గురించి మాత్రం ఎవరూ పిలిచి చెప్పరు. మొదటి ఫోన్ స్కూలు ఆఫీసుకి చెయ్యండి. "మీ దగ్గర ఆఫ్టర్ స్కూల్ ఉందా, ఎవరు నడుపుతున్నారు, ఏ గ్రాంటు కింద?" అని అడగండి. మూడో ప్రశ్నకి అవతల ఒక్క క్షణం ఆగుతారు, కానీ జవాబు చెప్తారు.

ఇంకో మాట. చాలా స్కూళ్లు వారంలో ఒకరోజు, ఎక్కువచోట్ల బుధవారం, గంట ముందే వదిలేస్తాయి. ఆ రోజు కూడా ప్రోగ్రామ్ ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. మొదటి బుధవారం ఆఫీసు మీటింగ్‌లో ఉండగా "మీ అమ్మాయి ఇక్కడే ఉంది" అని ఫోన్ రావడం ఎంత టెన్షనో నాకు తెలుసు.

ఫ్రీ అంటున్నారు. అసలు డబ్బు ఎవరిస్తున్నారు?

మనమే, ట్యాక్సుల రూపంలో. అది మన పిల్లల దగ్గరికి మూడు నాలుగు మార్గాల్లో వస్తుంది.

మొదటిది ఫెడరల్ ప్రభుత్వానిది. పేరు ట్వంటీఫస్ట్ సెంచురీ కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్స్. ఈ పేరు ఎవరికీ గుర్తుండదు, గుర్తు పెట్టుకోనక్కర్లేదు కూడా. 1994లో చట్టంలోకి వచ్చింది, 1998లో క్లింటన్ హయాంలో 4 కోట్ల డాలర్లతో ఆఫ్టర్ స్కూల్ పథకంగా రూపు తీసుకుంది. ఈమధ్య ఏడాదికి 130 కోట్ల డాలర్లకి పైగా ఇస్తున్నారు. వాషింగ్టన్ ఈ డబ్బు నేరుగా స్కూలుకి పంపదు, రాష్ట్రానికి పంపుతుంది. రాష్ట్రం పోటీ పెడుతుంది. స్కూళ్లు, స్వచ్ఛంద సంస్థలు దరఖాస్తు పెట్టుకుని గ్రాంటు గెలుచుకుంటాయి. గెలిచినా అది మూడు నుంచి ఐదేళ్లకే, తర్వాత మళ్లీ పోటీ. పక్కవీధి స్కూల్లో నిన్నటిదాకా ఉన్న ప్రోగ్రామ్ ఈ ఏడు మాయమైందంటే చాలాసార్లు కారణం ఇదే.

రెండోది రాష్ట్రం డబ్బు, అన్ని రాష్ట్రాలూ ఇవ్వవు. కాలిఫోర్నియాకి ఇది ఉండటం వెనక ఒక సినిమా హీరో ఉన్నాడు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ఇంకా గవర్నర్ కాకముందు, 2002 నవంబర్ ఎన్నికల్లో ప్రపొజిషన్ 49 అనే ప్రతిపాదన పెట్టించి ప్రజల ఓటుతో నెగ్గించాడు. దాని ప్రకారం ఆఫ్టర్ స్కూల్‌కి ఏటా 55 కోట్ల డాలర్ల దాకా పక్కన పెట్టాలి. ఆ మొత్తం 2006-07 నుంచి అందడం మొదలైంది. ఓటర్లు పెట్టిన రూల్ కాబట్టి బడ్జెట్ బాగోని ఏడు శాసనసభ తన ఇష్టానికి తీసెయ్యడం కష్టం. ఈ పథకాన్ని అందరూ ఏసెస్ అంటారు.

దానిమీద 2021లో ఇంకోటి వచ్చింది, పేరు ఎక్స్‌పాండెడ్ లెర్నింగ్, వాడుకలో ఈఎల్‌ఓపీ. ఈమధ్య ఏడాదికి 400 కోట్ల డాలర్లకి పైగా ఇస్తున్నారు. టీకే (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) నుంచి ఆరో తరగతి దాకా. స్కూలు, ఆఫ్టర్ స్కూల్ కలిపి రోజుకి తొమ్మిది గంటలు ఉండాలి, సెలవు రోజుల్లో మరో 30 రోజులు నడపాలి. వేసవి సెలవుల్లో కొన్ని స్కూళ్లు ఫ్రీ క్యాంపులు పెడుతున్నాయంటే ఆ 30 రోజుల పుణ్యమే.

కోవిడ్ డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2021లో అమెరికన్ రెస్క్యూ ప్లాన్ కింద స్కూళ్లకి 12,200 కోట్ల డాలర్లు వచ్చాయి, అందులో కొంత భాగం ఆఫ్టర్ స్కూల్‌కి, వేసవి ప్రోగ్రామ్‌లకి పెట్టాలన్నారు. ఆ డబ్బుని పనులకి కేటాయించుకోడానికి గడువు 2024 సెప్టెంబర్ 30. ఆ డబ్బు మీద నడిచిన సెంటర్లు ఆ తర్వాత ఒక్కొక్కటే తగ్గాయి.

కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలికి ఫ్రీ, టెక్సస్‌లో మాకు నెలకి వందల డాలర్లు. ఇదేం న్యాయం?

న్యాయం సంగతి పక్కన పెడితే, కారణం పైన చెప్పిందే. టెక్సస్‌లో టెక్సస్ ఏస్ అనే ప్రోగ్రామ్ ఉంది, అది నడిచేది ఆ ఫెడరల్ గ్రాంటుతోనే. అది తక్కువ ఆదాయాల పిల్లలు ఎక్కువున్న స్కూళ్లకే వెళ్తుంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ శివార్లలో సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం ప్రభుత్వ బళ్లని నడిపే సంస్థ) పెట్టే ప్రోగ్రామ్‌కో, ప్రైవేటు సెంటర్‌కో ఫీజు కట్టుకోవాల్సిందే.

మా స్కూలు రేటింగ్ పదికి 10. అలాంటి స్కూల్లోనే ఫ్రీ ప్రోగ్రామ్ లేదేంటి?

రేటింగ్ 10 కాబట్టే లేదు. కొంచెం చేదుగా ఉంటుంది, కానీ నిజం. ఫెడరల్ గ్రాంటులో మొదటి ప్రాధాన్యం పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లకి. ఏసెస్ కూడా ఫ్రీ లంచ్‌కి అర్హులైన పిల్లలు ఎక్కువున్న బళ్లనే ముందు చూస్తుంది. మనం రేటింగ్ చూసి, అప్పు చేసి, ఇల్లు కొంటాం. ఆ ఇంటి ధర కట్టడానికి ఇద్దరం ఉద్యోగం చెయ్యాలి. ఇద్దరం ఉద్యోగం చేస్తే పిల్లకి ఆఫ్టర్ స్కూల్ కావాలి. అది ఆ స్కూల్లో ఫీజుకే దొరుకుతుంది, దానికీ వెయిట్ లిస్టు. ఈ చక్రంలో పడనివాళ్లు మా గ్రూపులో ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ అమ్మమ్మలు ఇక్కడే ఉన్నారు.

అయితే కాలిఫోర్నియాలో ఈఎల్‌ఓపీ వచ్చాక కొంచెం మారింది. ఇది దాదాపు అన్ని డిస్ట్రిక్టులకీ అందుతుంది. తక్కువ ఆదాయం, ఇంగ్లిష్ లెర్నర్ (ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు), ఫోస్టర్ కేర్ (సర్కారు వేరే కుటుంబంలో పెట్టి పెంచే పిల్లలు), ఈ మూడిట్లో ఏ ఒక్కటున్నా ఆ పిల్లల్ని డిస్ట్రిక్ట్ ప్రత్యేక లెక్కలో వేస్తుంది. ఆ లెక్క మొత్తం పిల్లల్లో 75 శాతం దాటితే ఆరో తరగతి దాకా అందరికీ ప్రోగ్రామ్ ఇవ్వాలన్నది ఇంతకుముందు రూల్. 2025-26 నుంచి ఆ గీతని 55 శాతానికి దించారు. గీతకి కింద ఉన్న డిస్ట్రిక్టుల్లో ముందు ఆ లెక్కలో ఉన్న పిల్లలకే పిలుపు.

మేం డబ్బున్నవాళ్లం కాదుగానీ పేదవాళ్లమూ కాదు. మాకు ఆ లెక్కలో చోటెక్కడ?

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

పాపని కిండర్‌గార్టెన్‌లో చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక కాగితం ఇచ్చారు. నాలుగే ప్రశ్నలు. పిల్ల మొదట ఏ భాష మాట్లాడింది, ఇంట్లో ఎక్కువ ఏది మాట్లాడుతుంది, తల్లిదండ్రులు ఆమెతో ఏది మాట్లాడతారు, తాతయ్య నాయనమ్మలతో సహా ఇంట్లో పెద్దవాళ్ల మధ్య నడిచేది ఏ భాష. నాలుగిటికీ "తెలుగు" అని రాసిచ్చాను. పక్కన నించున్న ఒకావిడ నా కాగితంలోకి తొంగి చూసి, "అయ్యో, ఇంగ్లిష్ అని రాయండి, లేకపోతే పిల్లని వేరే కూర్చోబెడతారు" అంది. అప్పటికే పెన్నుతో రాసేశాను.

కొన్ని వారాలకి పాపకి ఎల్పాక్ అనే పరీక్ష పెట్టి, ఇంగ్లిష్ లెర్నర్ అని ఉత్తరం పంపారు. ఇంట్లో అంతా కాస్త నొచ్చుకున్నాం. టీవీ చూసి గడగడా ఇంగ్లిష్ మాట్లాడే పిల్ల! కానీ వేరే ఎక్కడా కూర్చోబెట్టలేదు, రోజూ కాసేపు అదనంగా ఇంగ్లిష్ పాఠం చెప్పారు, అంతే. తర్వాతి ఏడు ఈఎల్‌ఓపీ సీట్లు తెరిచినప్పుడు మాకు ముందు పిలుపొచ్చింది. మా ఆదాయానికి అది వచ్చేది కాదు. ఆ కాగితం మీద రాసిన "తెలుగు" అనే మాటే మమ్మల్ని లెక్కలోకి తెచ్చింది.

దీన్ని అడ్డం పెట్టుకుని లేని తెలుగు ఉందని రాయమని చెప్పట్లేదు. ఉన్నదాన్ని దాచకండి అంటున్నాను. ఇంగ్లిష్ తగినంత వచ్చాక, పరీక్ష మార్కులు, టీచర్ అభిప్రాయం చూసి ఆ గుర్తు తీసేస్తారు.

మేం హెచ్1బీ మీద ఉన్నాం. ఇలాంటివి వాడుకుంటే గ్రీన్ కార్డుకి ఇబ్బందా?

రెండు వేరువేరు విషయాలు కలిపేసి భయపడుతుంటారు. స్కూల్లో నడిచే ప్రోగ్రామ్ చదువులో భాగం లాంటిది. స్కూల్లో చేర్చుకోడానికి వీసా చూడకూడదని 1982లోనే ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆఫ్టర్ స్కూల్ ఫారంలో మమ్మల్ని అడిగింది పిల్ల పేరు, తరగతి, అలర్జీలు, అత్యవసర ఫోన్ నంబర్లు.

డేకేర్ ఫీజుకి ప్రభుత్వం ఇచ్చే వోచర్ వేరు. దానికి ఫెడరల్ నిధి చైల్డ్‌కేర్ అండ్ డెవలప్‌మెంట్ ఫండ్. 13 ఏళ్లలోపు పిల్లలకి, తల్లిదండ్రులు ఉద్యోగమో చదువో చేస్తుంటే, ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 85 శాతం దాటకపోతే ఇవ్వచ్చు. చాలా రాష్ట్రాలు ఇంకా కింద గీత గీస్తాయి. ఇక్కడ చూసేది పిల్లల పౌరసత్వం, ఇమిగ్రేషన్ హోదా. తల్లిదండ్రులది కాదు. మన సాఫ్ట్‌వేర్ జీతాలకి ఇది అందదు. చదువుకుంటూ పిల్లల్ని పెంచుతున్నవాళ్లు, షాపుల్లో, గ్యాస్ స్టేషన్లలో పని చేసేవాళ్లు అడిగి చూడాలి.

పబ్లిక్ చార్జ్ (సర్కారు సాయం మీదే బతుకుతారనుకుంటే గ్రీన్ కార్డు ఇవ్వని రూల్) విషయానికొస్తే, 2022 డిసెంబర్ నుంచి అమలైన రూల్ నగదు సాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థల్లో ఉండటాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంది. దాన్ని తీసేద్దామని 2025 నవంబర్లో ప్రతిపాదన పెట్టారు. కాబట్టి వోచర్ తీసుకునేముందు మీ లాయర్‌ని ఒక్క మాట అడగండి, వాట్సాప్‌ని కాదు.

రోజూ రావాల్సిందే అని ఎందుకంత పట్టు పడతారు? మంగళవారం మా పాపకి కూచిపూడి క్లాసుంది.

ఏసెస్‌లో డబ్బు హాజరుని బట్టి వస్తుంది. ఒక్కో పిల్లకి రోజుకి సుమారు 10 డాలర్లు. మీ పాప రాని రోజు ఆ పది పోతాయి. టీచరుకి మాత్రం జీతం ఇవ్వాల్సిందే, సీటు ఖాళీగా ఉంటే వెయిట్ లిస్టులో ఉన్నవాళ్లు కోపంగా చూస్తుంటారు. ప్రైమరీ పిల్లలు రోజూ పూర్తి సమయం ఉండాలన్నది చట్టం ఆశించేది. మిడిల్ స్కూలువాళ్లకి వారానికి మూడు రోజులు, తొమ్మిది గంటలు సరిపోతాయి. ప్రోగ్రామ్ బెల్లు కొట్టగానే మొదలై ఆరింటిదాకా నడవాలి.

కూచిపూడి కోసం దారుంది. ఇలాంటి ప్రతి ప్రోగ్రామ్‌కీ ఎర్లీ రిలీజ్ పాలసీ అని ఒక కాగితం ఉండాలి. ఏ కారణాలకి ముందే తీసుకెళ్లచ్చో అందులో రాసుంటుంది. వేరే క్లాసులు కూడా చాలాచోట్ల ఒప్పుకుంటారు. సంవత్సరం మొదట్లోనే ఆ ఫారం నింపి, క్లాసు టైములు రాసివ్వండి. మధ్యలో హఠాత్తుగా "ఈరోజు తీసుకెళ్తున్నా" అంటేనే తంటా. మా పాపని నాట్యం క్లాసుకి తీసుకెళ్లే రోజుల్లో సైన్ అవుట్ కాగితం మీద కారణం గడిలో ఒక నంబరు వెయ్యాలి. ఆ నంబరు లేకపోతే ఆ రోజు హాజరు లెక్కకి రాదని అక్కడ పనిచేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పాక, మర్చిపోవడం మానేశాను.

అక్కడ చదువు చెప్తారా, ఊరికే ఆడిస్తారా?

రెండూ. ఏసెస్‌లో హోంవర్కు సాయం లాంటి చదువు భాగం, ఆటపాటల భాగం రెండూ తప్పనిసరి. ఇరవై మంది పిల్లలకి ఒక మనిషి ఉంటారు, ఈఎల్‌ఓపీలో టీకే, కిండర్ పిల్లలకైతే పదిమందికి ఒకరు. చాలాచోట్ల వాళ్లు కాలేజీ పిల్లలు. వేలిముద్రలు తీసి, వెనకటి చరిత్ర చూశాకే పెట్టుకుంటారు. వాళ్ల దగ్గర్నుంచి మ్యాథ్ ఒలింపియాడ్ కోచింగ్ ఆశించకండి. మనవాళ్ల ఫిర్యాదుల్లో ముప్పావు వంతు ఇదే: "హోంవర్కు సగమే చేయించారు." సగం చేయించడం నాకు ఎక్కువే అనిపిస్తుంది.

మార్కులు పెరుగుతాయా అన్నది పాత తగువే. 2003లో ఫెడరల్ ప్రోగ్రామ్ మీద వచ్చిన మొదటి పెద్ద అధ్యయనం చదువులో పెద్ద తేడా ఏమీ లేదంది. దాన్ని పట్టుకుని బుష్ ప్రభుత్వం 100 కోట్ల డాలర్ల నిధిని 60 కోట్లకి తగ్గించబోయింది. అప్పుడూ ష్వార్జ్‌నెగ్గరే సెనేట్ కమిటీ ముందు కూర్చుని వద్దని వాదించాడు. కోత పడలేదు. తర్వాత 2010లో డర్లాక్, వైస్‌బర్గ్, పచాన్ అనే ముగ్గురు పరిశోధకులు చాలా అధ్యయనాల్ని కలిపి చూసి, పద్ధతిగా, ఒక లక్ష్యంతో నడిపిన ప్రోగ్రామ్‌లు పిల్లల ప్రవర్తనలోనూ చదువులోనూ మేలు చేశాయనీ, అలా నడవనివి చెయ్యలేదనీ తేల్చారు. మీ స్కూల్లోది ఏ రకమో తెలియాలంటే ఓ సాయంత్రం నాలుగున్నరకి వెళ్లి పదినిమిషాలు గుమ్మం దగ్గర నించోండి. చాలు.

సాయంత్రం ఏం పెడతారు? మేం శాకాహారులం.

స్నాక్ తప్పకుండా ఉంటుంది, కొన్నిచోట్ల సప్పర్ కూడా. సగానికి సగం మంది పిల్లలు ఫ్రీ లేదా తక్కువ ధర లంచ్‌కి అర్హులైన ప్రాంతాల్లో అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్ 18 ఏళ్ల దాకా పిల్లలందరికీ స్నాక్‌కీ భోజనానికీ డబ్బిస్తుంది. పాలు, పండు, క్రాకర్లు మామూలు. సప్పర్‌లో మాంసం బదులు బీన్స్, చీజ్, పెరుగు కూడా లెక్కకి వస్తాయి కాబట్టి అడిగితే ఏర్పాటు చెయ్యడానికి వాళ్లకి రూల్ అడ్డు లేదు. ఒట్టి "వెజిటేరియన్" అంటే గుడ్డు పెడతారు. ఏది తినదో విడివిడిగా రాసివ్వండి.

ఫీజు కట్టే ప్రోగ్రామ్ అయితే ట్యాక్సులో ఏమైనా వెనక్కి వస్తుందా?

వస్తుంది, దీన్ని కూడా సర్కారు సాయం కింద లెక్కేసుకోవచ్చు. 13 ఏళ్లలోపు పిల్లల సంరక్షణ ఖర్చుకి రెండు దారులు. ఒకటి, ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ. జీతంలోంచి ట్యాక్స్ పడకుండా ఏడాదికి 5,000 డాలర్లు పక్కన పెట్టుకునే వీలుండేది, 2026 నుంచి పరిమితి 7,500. రెండోది, ఫారం 2441తో వచ్చే ట్యాక్స్ క్రెడిట్. ఒక పిల్లకి 3,000, ఇద్దరు అంతకన్నా ఎక్కువైతే 6,000 డాలర్ల దాకా ఖర్చు చూపించి అందులో కొంత శాతం కట్టాల్సిన ట్యాక్సులోంచి తగ్గించుకోవచ్చు. ఒకే ఖర్చు రెండుచోట్లా చూపించకూడదు.

ఇక్కడ మనవాళ్లు పడే గోతులు రెండు. ఆఫ్టర్ స్కూల్ కేర్, డే క్యాంపు చెల్లుతాయి. కుమోన్ లాంటి ట్యూషన్ చెల్లదు, రాత్రి ఉండే క్యాంపూ చెల్లదు. రెండో గొయ్యి ఇంకా లోతు. భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి, లేదా ఒకరు ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయ్యుండాలి. ఒకరు హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఈఏడీ (పని చేసే అనుమతి) లేకుండా ఇంట్లో ఉంటే ఈ రెండూ రావు. నాకు తెలిసిన ఒకాయన ఏడాదంతా ఎఫ్ఎస్ఏలో డబ్బు కోయించుకుని ఏప్రిల్లో ఈ సంగతి తెలుసుకున్నాడు. సెంటర్ ట్యాక్స్ ఐడీ నంబరు జనవరిలోనే అడిగి పెట్టుకోండి, మార్చిలో వాళ్లు ఫోన్ ఎత్తరు.

ఈ డబ్బు ఆగిపోతుందని వార్తల్లో చూశాం. నిజమేనా?

2025 జులై 1న రాష్ట్రాలకి రావాల్సిన విద్యా నిధులు 680 కోట్ల డాలర్ల దాకా ఫెడరల్ ప్రభుత్వం ఆపేసింది. ఆఫ్టర్ స్కూల్ గ్రాంటు కూడా అందులోనే ఉంది. వేసవి క్యాంపులు నడుస్తున్న టైము అది. రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి, రెండు పార్టీల నుంచీ ఒత్తిడి వచ్చింది, అదే నెల మూడో వారంలో ఆఫ్టర్ స్కూల్ డబ్బు వదిలారు. ట్రంప్ మొదటి పాలనలో కూడా ఈ నిధిని సున్నా చెయ్యాలని ప్రతిపాదించారు. కాంగ్రెస్ వినకపోగా మరికాస్త పెంచింది.

కొరత మాత్రం అంతకుముందు నుంచే ఉంది. ఆఫ్టర్‌స్కూల్ అలయన్స్ 2020 సర్వే ప్రకారం ప్రోగ్రామ్‌ల్లో ఉన్న పిల్లలు 78 లక్షలు, దొరికితే చేరతామన్నవాళ్లు దాదాపు 2.46 కోట్లు.

మన దగ్గర ఇలాంటిదేమీ లేదా అని మా నాన్నగారు అడుగుతున్నారు.

ఈ రూపంలో లేదు. గురుకులాల్లో సాయంత్రం స్టడీ అవర్స్ ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వ బళ్లలో పదో తరగతి ప్రత్యేక తరగతులకి వచ్చే పిల్లలకి సాయంత్రం చిరుతిళ్లు ఇచ్చారు. కానీ అవన్నీ పరీక్షల చుట్టూ తిరిగేవి. ఐదేళ్ల పిల్లని అమ్మానాన్న వచ్చేదాకా ఎవరు చూస్తారు అన్న ప్రశ్నకి మన దగ్గర జవాబు ఇప్పటికీ నాయనమ్మే.

ఎప్పుడు అప్లై చెయ్యాలి?

ఆగస్టులో అడిగితే ఆలస్యమైనట్టే. చాలా స్కూళ్లు మార్చి, ఏప్రిల్, మే నెలల్లో తరువాతి ఏటి ఫారాలు తీసుకుంటాయి. వెయిట్ లిస్టులో పేరు ఉంటే సెప్టెంబర్ రెండో వారంలో మళ్లీ అడగండి. బడి తెరిచాక కొందరు ఊరు మారతారు, కొందరు రావడం మానేస్తారు, సీట్లు కదులుతాయి. ఫీజు తీసుకునే చోట్ల కూడా, ఫ్రీ లంచ్‌కి అర్హత ఉన్నవాళ్లకి ఏసెస్‌లో ఫీజు తగ్గించాలి లేదా తీసెయ్యాలి. నోరు తెరిచి అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.

పికప్‌కి అమ్మమ్మ, తాతయ్య వెళ్లచ్చా?

వెళ్లచ్చు, ముందే లిస్టులో పేరెక్కిస్తేనే. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇక్కడి లైసెన్సు ఉండదు కాబట్టి పాస్‌పోర్టే దిక్కు. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయండి. మా నాన్న పేరు ఫారంలో ఇంట్లో పిలిచేది రాసి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండి, మొదటిరోజు గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబెట్టారు. తప్పు నాదే. పాప లోపల్నుంచి "తాతయ్యా!" అని అరుస్తున్నా వదల్లేదు, వదలకూడదు కూడా. మర్నాటి నుంచి ఆయన పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో చొక్కా జేబులో పెట్టుకుని ఐదున్నరకే వెళ్లి బెంచీ మీద కూర్చునేవారు. ఆరు దాటితే నిమిషానికి డాలరు అని ఎవరో చెప్పారట ఆయనకి.